నాలుగు చక్రాలూ తిరిగాయి

నల్లరేగడి సారవంతమైన నేల అని పాఠాల్లో చదువుకున్నాం. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల దాన్నే నమ్ముకుని బతికేవాళ్లకు దాని రెండో ముఖం కూడా తెలుసు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఇనుములా గట్టిపడుతుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే బంకై చెప్పులకు అంటుకుంటుంది, చెప్పుల నుంచి పిక్కలకు పాకుతుంది. పది అడుగులు వేస్తే ఒక్కో కాలికి కిలో మట్టి! నీళ్లు తాగి ఉబ్బడం, ఆ తేమను లోపల దాచుకోవడం దాని గుణం. చలికాలంలో వాన లేకపోయినా శనగ పండుతోందంటే ఆ దాచుకున్న తేమ చలవే. రైతుకు అన్నం పెట్టే ఆ గుణమే బండి చక్రానికి మాత్రం బద్ధ శత్రువు. టైరు గాడుల్లోకి మట్టి దూరి నున్నగా పూడ్చేస్తుంది. ఆ తర్వాత కొత్త టైరూ ఒకటే, అరిగిపోయిన టైరూ ఒకటే.

మా పల్లె ఆళ్లగడ్డకు అవతల నల్లమల కొండల వైపు. తారు రోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్ల రస్తా. సగం దాకా గ్రావెల్ పడింది. మిగతా రెండు కిలోమీటర్లూ అచ్చమైన నల్లరేగడి. అమ్మ అక్కడే ఉంటుంది. నేను నంద్యాలలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ‘ఒక్కదానివీ ఎందుకమ్మా, మా దగ్గరికి వచ్చెయ్’ అని ఎన్నిసార్లు పిలిచానో! ‘నేనొస్తే బర్రెను ఎవరు సూస్తారు, నువ్వు సూస్తావా?’ అంటుంది. ఆ ప్రశ్నకు నా లెక్కల్లో జవాబు లేదు.

2022 అక్టోబరులో ముసురు పట్టింది. తెల్లవారుజామున కొట్టంలోకి వెళుతూ అమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. 108కు ఫోన్ చేస్తే ఆళ్లగడ్డ నుంచి వెంటనే బయలుదేరింది. కానీ గ్రావెల్ అయిపోయిన చోట ఆగిపోయింది. అక్కడి నుంచి లోపలికి రావడం దానివల్ల కాదు. ట్రాక్టరు లేదా అంటారేమో... ఉంది. ఎముక విరిగిన మనిషిని ట్రక్కులో వేసి ఆ గుంతల్లో ఈడిస్తే ఏమవుతుందో ఆలోచించండి. చివరికి నులకమంచం మీద పడుకోబెట్టి, పైన పట్ట కప్పి, నలుగురు మగవాళ్లు మోశారు. భుజాలు మార్చుకునే వాళ్లు మరో నలుగురు. రెండు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. నేను నంద్యాల నుంచి వెళ్లేసరికి అమ్మ ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఉంది. నన్ను చూసి మొదట అన్నమాట: ‘వాళ్లందరికీ టీ తాపిచ్చినావా?’

ఆపరేషన్ అయ్యింది. మూడు నెలలు మా ఇంట్లో ఉండి, చేతికర్ర పట్టుకుని నడవగానే మళ్లీ పల్లెకే వెళ్లిపోయింది. బర్రె కోసమే! అప్పుడు పడింది నా మనసులో జీపు. మామూలు జీపు కాదు... నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే జీపు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ‘థార్ తీసుకోండి నాన్నా’ అన్నాడు. వాడికేం, అంటాడు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న థార్ పది లక్షలకు పైమాటే. మా ఆవిడ మాత్రం ఒకే మాట అడిగింది. ‘ఏడాదికి నాలుగు వానలు పడే సీమలో, ఆ నాలుగు వానల కోసం బండా?’ సరైన ప్రశ్నే. కానీ ఆ నాలుగు వానల్లో ఒకటి మా అమ్మను మంచం మీద మోయించింది. తర్వాత ఆమె కూడా ఆ ప్రశ్న వెయ్యలేదు.

పాత జీపులకు మన ప్రాంతం కొత్త కాదు. సినిమాల పుణ్యమా అని సీమ అంటే సుమోలే గుర్తొస్తాయి అందరికీ. సుమో వచ్చిందే 1994లో. అంతకుముందు ఇక్కడ పెళ్లివారైనా, విత్తనాల మూటలైనా, ఎన్నికల ప్రచారమైనా జీపే. అసలు జీపు పుట్టుక రెండో ప్రపంచ యుద్ధంలో. అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి దాదాపు 6.4 లక్షల జీపులు చేశాయి. మన దేశానికి దాన్ని తెచ్చిన కంపెనీ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. చేసేది ఉక్కు వ్యాపారం. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్థాన్ వెళ్లి ఆ దేశానికి తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించడం స్వాతంత్య్రం వచ్చిన తొలినాళ్లలోనే ప్రారంభమైంది. ఆ వంశంలోదే 1980ల నడుమ వచ్చిన ఎంఎం 540. ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజన్, 2112 సీసీ. నేను వెతికింది దాన్నే. ఎందుకంటే దాని ఒళ్లు తెలిసిన మెకానిక్కులు నంద్యాలలో ఇంకా ఉన్నారు. బండి ఎంత గొప్పదైనా విప్పి బిగించే చెయ్యి మన ఊళ్లో లేకపోతే అది బొమ్మే.

అట్లాంటి చేతుల్లో ఒకటి మా ఉస్తాద్‌ది. వయసు అరవై దాటింది. కళ్లద్దాలకు ఒక కాడ లేదు, దారం కట్టుకుంటాడు. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లందరికీ ‘ఉస్తాద్’, మాకు ‘భాయ్’. నేను ఏ బండి చూడ్డానికి వెళ్లినా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ని. ఏడాదిలో ఎనిమిది జీపులు చూశాం. ఆయన దగ్గర పెద్ద పరికరాలేం లేవు. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవరుతో ఛాసిస్‌ను అక్కడక్కడా పొడిచి చూస్తాడు. ‘ఠంగ్’ మంటే ఇనుము. ‘ధప్’ మంటే తుప్పు మీద పెయింటు. ఆరు జీపులు ‘ధప్’ మన్నాయి. ఒకటి అతుకు బండి. ముందు భాగం ఒక జీపుది, వెనక భాగం మరో జీపుది, కాగితాలు మూడో జీపువి! ఇంకొకదానికి కాగితాలే లేవు.

తొమ్మిదోది ఆళ్లగడ్డలో దొరికింది, 2024 జనవరిలో. శిల్పాలకు ఆళ్లగడ్డ పెట్టింది పేరు కదా, రోడ్డు మీద వెళుతుంటే ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అమ్మేవాడూ శిల్పే. షెడ్డు ముందు సగం చెక్కిన వినాయకుడు, ముక్కు ఇంకా తేలని నంది, వాటి మధ్య రాతిపొడి కప్పుకుని జీపు. దూరం నుంచి చూస్తే అదీ రాతితో చెక్కినట్టే ఉంది.

‘సార్, ఈ బండిలో ఎంతమంది దేవుళ్లు ఎక్కినారో లెక్కే లేదు’ అన్నాడాయన. ‘చిన్న విగ్రహాలన్నీ దీంట్లోనే. తిరుపతి దాకా పోయినాది.’

1994 మోడల్. ఏపీ 21 నంబరు, అంటే కర్నూలు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కానీ ఈ నంబరు ప్లేటుకు ఆ సంగతి తెలియదు. ఉస్తాద్ స్క్రూడ్రైవరు తీసి పొడిచాడు. ఠంగ్. మళ్లీ పొడిచాడు. ఠంగ్. ఆయన మొహంలో వెలుగు నేను గమనించాను, శిల్పి కూడా గమనించాడు. బేరం అక్కడే అయిదువేలు పెరిగి ఉంటుంది.

తర్వాత ఉస్తాద్ బండి కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. ‘సార్, ఇంజన్ బాగుండాది. ఊపిరి బాగనే తీసుకుంటాంది. కానీ ఇది ఫోర్ వీల్ కాదు.’

‘లోపల రాడ్లు ఉన్నాయి కదా భాయ్?’

‘రాడ్లు ఉండాయి. కింద షాఫ్టు లేదు.’

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాత జీపు కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఇంజన్ నుంచి గేరుబాక్సుకు వచ్చిన శక్తిని వెనక చక్రాలకూ, కావాలన్నప్పుడు ముందు చక్రాలకూ పంచిపెట్టే పెట్టె ఒకటుంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. పెద్ద గేరు రాడ్డు పక్కన కనిపించే రెండు చిన్న రాడ్లు దానివే. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది. రెండోది ‘లో’ వేస్తుంది. అంటే వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఆ పెట్టె నుంచి ముందు ఇరుసుకు శక్తి తీసుకెళ్లే గొట్టమే ముందు షాఫ్టు. తారు రోడ్ల మీద తిరిగే రోజుల్లో అది దండగని, తీసేస్తే డీజిల్ కలిసొస్తుందని చాలామంది విప్పి మూల పడేసేవారు. మూలన పడింది కొన్నాళ్లకు పాత ఇనుము కింద పోయేది. అందుకే ‘ఫోర్ బై ఫోర్’ అని వెనక రాసుకున్న జీపుల్లో చాలావాటికి నిజానికి రెండు చక్రాలే పనిచేస్తాయి. కింద పడుకుని చూస్తే తప్ప తెలియదు.

మా శిల్పికీ ఆ సంగతి తెలియదట. ఆయన కొన్నప్పటికే షాఫ్టు లేదేమో. నిజాయతీగా ధర తగ్గించాడు. 1,60,000 దగ్గర మొదలైన బేరం 1,45,000 దగ్గర తెగింది. బండి బయలుదేరుతుంటే బానెట్ మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి అరచేతిలో పట్టేంత రాతి నంది తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

మొదట పని పట్టీలతో. దేవుళ్లను మోసి మోసి వెనక కమాను పట్టీలు విల్లులా ఉండాల్సినవి బల్లచెక్కలా అయిపోయాయి. ఆ పని ఆళ్లగడ్డలోనే చేయించాం. జాతీయ రహదారి మీద లారీలు తిరిగే ఊరు కాబట్టి పట్టీల పనివాళ్లకు అక్కడ కొదవలేదు. కట్ట విప్పి, ఒక్కో పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తెచ్చి, నూనెలో చల్లార్చారు. విరిగిన రెండు పట్టీల స్థానంలో కొత్తవి వేశారు. బండి నాలుగు అంగుళాలు లేచింది. కొత్త బుష్‌లు, కొత్త యూ బోల్టులు. అక్కడి నుంచి నంద్యాల దాకా నలభై కిలోమీటర్లు ఉస్తాదే నడిపాడు. నేను పక్కన కూర్చుని రాతి నందిని పట్టుకున్నాను. బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఎడమకు వెళ్లి పొలాలను పలకరించి వచ్చేది.

నంద్యాల షెడ్డులో ముందు ఇరుసు విప్పారు. ఏళ్ల తరబడి కదలని భాగం కదా, లోపలి ఆయిల్ నీళ్లు కలిసి పాలు పోసిన టీ రంగుకు మారింది. ఒకప్పుడు ఏ వంకలోనో దిగినప్పుడు చేరిన నీళ్లు అట్లాగే ఉండిపోయాయి. బేరింగులకు తుప్పు పట్టింది. పళ్ల చక్రాలు మాత్రం బాగున్నాయి. ఉస్తాద్ వాటిని డీజిల్‌లో కడిగి, ఎండకు పట్టుకుని, వేలి గోరుతో ఒక్కో పన్నూ తడిమి చూశాడు. ‘వాడనిది అరగదు సార్, తుప్పు పడతాది. వాడింది అరుగుతాది, తుప్పు పట్టదు’ అన్నాడు. ఇనుము గురించే అన్నాడులెండి. చక్రాలు తిరిగే చోట కింగ్‌పిన్ బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ మార్చాం. స్టీరింగ్ అయితే పావు చుట్టు తిప్పాక గానీ చక్రానికి కబురు వెళ్లేది కాదు.

ఇక షాఫ్టు. నంద్యాల ఇనుప కొట్లలో మూడు వారాలు వెతికాను. దొరకలేదు. చివరికి విజయవాడ వెళ్లాను. ఆటోనగర్‌లో దొరకని సామాను లేదంటారు, అది దాదాపు నిజమే. అక్కడ వీధికో రకం బండి ముక్కలై ఉంటుంది. మధ్యాహ్నం దాకా తిరిగితే ఒక కొట్టు వెనక, మూడు పాత జీపుల కళేబరాల కింద కనిపించింది. 4,500 రూపాయలు. బరువైన ఆ గొట్టాన్ని గోనెపట్టాలో చుట్టి రైలెక్కాను. గుంటూరు, గిద్దలూరు మీదుగా నల్లమలను దాటుకుని నంద్యాల వచ్చే ఆ దారి నాకెప్పుడూ ఇష్టం. ఆ రోజు మాత్రం కొండలూ సొరంగమూ చూసే తీరిక లేదు. ‘సీటు కింద అదేంటి సార్, ఫిరంగా?’ అని ఎదుటి సీటు పెద్దాయన అడిగిన దగ్గర్నుంచి డబ్బా అంతా జీపు కబుర్లే. ఆయన ఒకప్పుడు నీటిపారుదల శాఖ జీపు నడిపాడట. దిగేటప్పుడు నాకు జాగ్రత్త చెప్పాడు. ‘తారు రోడ్డు మీద మాత్రం ముందు చక్రాలు కలపొద్దు.’

ఎందుకో ఉస్తాద్ నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. ఈ జీపులో ముందు వెనకలను ఒకే వేగానికి కట్టేస్తాం. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా పళ్ల చక్రాల మీదా క్రాసుల మీదా పడి ఏదో ఒకటి విరుగుతుంది. లెక్కల మాస్టారుకు వ్యాసార్థం పాఠం సుద్దముక్కతో చెప్పిన మెకానిక్కు ఆయనొక్కడే! ఆ బొమ్మను నేను క్లాసులో వాడుకుంటున్నాను కూడా.

తెచ్చిన షాఫ్టు ఒక అంగుళం పొడుగైంది. లేతు షాపులో కోసి, అతికి, బ్యాలెన్సు చూసి, కొత్త క్రాసులు వేశారు. బ్రేకుల పని ఇంకో పదిరోజులు. నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు, రేడియేటరు... ఇవన్నీ చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు. నోటుబుక్కులో రాసుకున్న లెక్క ఏప్రిల్ చివరికి 96 వేలు దాటింది. ఆ నోటుబుక్కును మా ఆవిడ చదివి, ఏమీ అనకుండా మళ్లీ టేబుల్ మీద పెట్టేసింది. కోపం కన్నా అదే ఎక్కువ భయపెట్టింది.

షెడ్డులో ఓ కుర్రాడున్నాడు. ఐటీఐ చదివాడు, చెయ్యి మంచిది, తల నిండా సినిమాలు. వాడికి ఈ బండిని మిలటరీ పచ్చరంగులో చూడాలని కోరిక. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. మామూలు మనుషులు వేసుకోకూడదు. ‘పోనీ వెడల్పాటి టైర్లు వేద్దాం సార్, లుక్కుంటాది’ అన్నాడు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చట్టం సంగతి అట్లా ఉంచి, నల్లరేగడికి వెడల్పు టైరు నప్పదని ఉస్తాద్ మాట. సన్నటి టైరు పైబురదను కోసుకుంటూ కింద ఉన్న గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పుది పైనే తేలి జారుతుంది. అందుకే పాత 6.00-16 సైజే, కాకపోతే లోతైన గాడులున్నవి. రంగు ఆర్‌సీలో ఉన్న తెలుపే. కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం బండిని నాలుగు మూలలా జాకీలు పెట్టి లేపి, చెక్కదిమ్మెల మీద నిలబెట్టారు. చక్రాలన్నీ గాల్లో. ఉస్తాద్ ఎక్కి స్టార్ట్ చేసి మొదటి గేరు వేశాడు. వెనక చక్రాలు తిరిగాయి. చిన్న రాడ్డును ముందుకు నెట్టాడు. లోపల ‘టక్’ మంది. ముందు చక్రాలు ఒక్క క్షణం ఆలోచించుకుని, మెల్లగా కదిలాయి. నాలుగూ తిరిగాయి! పక్క షెడ్డుల వాళ్లు కూడా వచ్చి చూశారు. ఎన్నేళ్ల తర్వాతో మరి! కుర్రాడు అలక మరిచిపోయి ఈలవేశాడు.

ఉస్తాద్ మాత్రం దిగి వచ్చి ఒక చెక్కపలకను ముందు టైరుకు అదిమిపెట్టాడు. ఆ చక్రం ఆగిపోయింది. దాని జోడీ చక్రం రెట్టింపు వేగంతో తిరగడం మొదలెట్టింది. ‘ఇది గుర్తు పెట్టుకోండి సార్. నాలుగు చక్రాల బండి అని మీరు అనుకుంటారు. ముందొకటి, వెనకొకటి రెండూ జారినాయంటే బండి ఆడనే నిలబడతాది.’ ఇంత ఖర్చయ్యాక చెప్పాడీ మాట! కానీ చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. షోరూముల్లో ఈ ముక్క చెప్పరు.

నడపడం నేర్చుకోవడానికి అహోబిలం వెళ్లాను. దిగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడికి అడవిలో రాళ్లదారి. ఆ దారిలో భక్తుల్ని మోసేవి జీపులే. అక్కడి డ్రైవరు ఒకాయన ఒక పూటంతా నా పక్కన కూర్చున్నాడు. మొదటి పాఠం బొటనవేళ్ల గురించి. స్టీరింగ్ లోపలికి వేళ్లు పెట్టి బిగించి పట్టుకోకూడదట. చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా విసురుకుంటుంది, వేలు విరుగుతుంది. బొటనవేళ్లు బయటే ఉండాలి. రెండోది, దిగుడులో క్లచ్ తొక్కకూడదు. లోలో మొదటి గేరు వేసి కాళ్లు రెండూ తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుని నింపాదిగా దించుతుంది. తొలిసారి కాళ్లు తీయడానికి నాకు గుండె చాలలేదు. ఆయన నవ్వి, ‘స్వామి ఉండాడులే సార్, తీయండి’ అన్నాడు. తీశాను. బండి ముసలెద్దులా ఒక్కో రాయినీ చూసుకుంటూ దిగింది.

ఆగస్టులో రిజిస్ట్రేషన్ గడువు. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి అయిదేళ్లకూ ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 1994 బండికి అది మూడోది కాదు, నాలుగోది. ఇక్కడ ఆగిపోతే పెట్టిందంతా తుక్కు కిందే లెక్క. ముందురోజు రాత్రి ఉస్తాద్ స్వయంగా నాలుగు డ్రమ్ములూ విప్పి బ్రేకులు సరిచేశాడు. ఖాళీ మైదానంలో తొక్కి చూస్తే మట్టి మీద నాలుగు గీతలూ సమానంగా పడ్డాయి. స్కేలు పెట్టి గీసినట్టు! తనిఖీ చేసిన అధికారి లైట్లు, హారన్, బ్రేకులు, ఛాసిస్ నంబరు, పొగ సర్టిఫికెట్ చూసి, ‘దీన్ని ఎందుకండీ ఇంత బాగా ఉంచారు?’ అని అడిగాడు. అమ్మ కోసం అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అప్పట్లో రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లు, జీపులకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు.

వానాకాలం వచ్చాక బండిని పల్లెలో, కొట్టం పక్కన పెట్టాం. పక్కింటి ట్రాక్టరు కుర్రాడికీ నడపడం నేర్పించాను. నేను నంద్యాలలో ఉంటే బండి అక్కడుండి ఏం లాభం?

2024 అక్టోబరులో దసరా అయ్యాక వాన పట్టుకుంది. నేను పల్లెలోనే ఉన్నాను. రాత్రి పదకొండు దాటాక తలుపు కొట్టారు. రెండు ఇళ్ల అవతల ఆడపిల్ల, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయింది. 108కు చెప్పారు. అది గ్రావెల్ దాకా వస్తుంది. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు ఎవరివి? అమ్మ అప్పటికే లేచి కూర్చుంది. జీపు తాళం తలగడ కింద నుంచి తీసిచ్చింది. అక్కడ పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది.

వెనక తొట్టిలో రెండు పరుపులు వేసి అమ్మాయిని పడుకోబెట్టారు. వాళ్లమ్మ, ఆమె భర్త చెరోవైపు పట్టుకున్నారు. టైర్లలో కొంత గాలి తీసేశాం. చక్రం పరుచుకుంటే పట్టు పెరుగుతుంది. ట్రాక్టరు కుర్రాడు టార్చి, ఓ కర్ర పట్టుకుని ముందు నడిచాడు. ముందు చక్రాలు కలిపి, లో వేసి, రెండో గేరులో బయలుదేరాను. వేగం మనిషి నడకంత. ఆగకూడదు, తొందరపడకూడదు. ఆగితే కూరుకుపోతుంది, తొందరపడితే జారుతుంది. వెనక నుంచి ఆ పిల్ల మూలుగు, పైన రెగ్జిన్ టాప్ మీద వాన. వంక దగ్గర కుర్రాడు కర్రతో లోతు చూసి, మోకాలి కిందే ఉందని చెయ్యి ఊపాడు. దాటాం. అవతలి ఒడ్డున ముందు చక్రం ఒకటి, వెనక చక్రం ఒకటి గిర్రున తిరగడం మొదలెట్టాయి. ఉస్తాద్ చెక్కపలక కళ్లముందు మెదిలింది. కుర్రాడూ, ఆ అమ్మాయి భర్తా దిగి కందికట్టె మోపులు చక్రాల కింద తోశారు. కాస్త వెనక్కి పోనిచ్చి మళ్లీ ముందుకు తెచ్చాను. రెండోసారికి పట్టు దొరికింది.

రెండు కిలోమీటర్లకు 35 నిమిషాలు. 108 లైటు దూరం నుంచే కనిపించింది. తెల్లారేసరికి ఆళ్లగడ్డలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ పిల్లకు ఇప్పుడు నడక వచ్చింది. జీపు హారన్ కొడితే పరిగెత్తుకొస్తుంది.

ఆ రాత్రి తర్వాత తొట్టికి అంటుకున్న మట్టి కడగడానికే రెండు రోజులు పట్టింది. ఎండిన నల్లరేగడిని పారతో గీకాల్సి వచ్చింది. క్లచ్ ప్లేటు పోయింది. ఉస్తాద్ చూసి, ‘పోనీలే సార్, మంచి పనికి పోయినాది’ అని తన కూలి మాత్రం తీసుకోలేదు, ప్లేటు డబ్బులు తీసుకున్నాడు. స్టీరింగ్ బాక్సు ఈ ఏడాది మార్చాలంటున్నాడు. చూడాలి.

మొన్న ఆదివారం వెళ్లేసరికి బండి ఎండలో నిలబెట్టి ఉంది. బానెట్ మీద తెల్లటి పాత చీర, దాని నిండా గుమ్మడి వడియాలు. ‘కిందేస్తే కోళ్లు బతకనిస్తల్లేవురా’ అంది అమ్మ. ‘రేపు సాయంత్రం దాకా బండి కదిలించొద్దు.’ నేను బస్సులో నంద్యాల వచ్చేశాను.